మెట్ల కింద గాలన్ డబ్బా

పోయిన నెల ఒక ఆదివారం కూకట్‌పల్లిలో మా బావమరిది వాళ్ళింటికి భోజనానికెళ్ళాం. చేతులు కడుక్కున్నామో లేదో, వాళ్ళబ్బాయి (ఇంటర్ చదువుతున్నాడు) తన బొమ్మ కారు చూపిస్తానని నన్ను లాక్కెళ్ళాడు. బొమ్మ అంటే వాడికి కోపం లెండి. అది రిమోటుతో నడిచే నైట్రో బగ్గీ. లోపల నిజం ఇంజినే ఉంటుంది, పొగ కక్కుతూ, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ పోతుంది. అంతా బావుంది, ఇంధనం ఎక్కడ పెడుతున్నావురా అనడిగితే మెట్ల కిందకి తీసుకెళ్ళాడు. కింద ఇన్వర్టరు, దాని పక్కన లారీ బ్యాటరీ అంత ట్యూబులర్ బ్యాటరీ. సరిగ్గా వాటి నెత్తి మీద ఒక చెక్క అర. ఆ అర మీద సగం ఖాళీ అయిన గాలన్ డబ్బా, దాన్ని ఆనుకుని రిమోటు తాలూకు చార్జరు.

"ముందు దీన్ని ఇక్కణ్ణుంచి తీయించు" అన్నాను బావమరిదితో.

"పెట్రోలేం కాదుగా బావా, ఆల్కహాలే కదా. అక్కడున్నది కూడా పన్నెండు వోల్టులే" అన్నాడు. వాడూ నాలాగే సాఫ్ట్‌వేరు, పైగా నాకంటే పెద్ద పొజిషన్లో ఉన్నాడు.

ఆ ఒక్క మాటలో రెండు పొరపాట్లున్నాయి. రెండింటి వెనకా చాలా పెద్ద చరిత్రే ఉంది. పిల్లాడి ముందు వాళ్ళ నాన్నకి క్లాసు పీకడం బాగోదని అప్పటికి ఊరుకున్నాను. అక్కడ మింగింది ఇక్కడ కక్కుతున్నా, కాస్త ఓపిక పట్టండి :)

ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇంజినీరింగు చదివేటప్పుడు నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండేవాణ్ణి. అక్కడ ఏరోమోడలింగ్ నేర్పేవారు. బాల్సా చెక్కతో చేసిన విమానం, రెండు సన్నటి తీగలు, మధ్యలో మనం. తీగలు పట్టుకుని గానుగెద్దులా తిరుగుతుంటే విమానం మన చుట్టూ తిరిగేది. దాని ముక్కుకి బొటనవేలంత డీజిల్ ఇంజిను. డీజిల్ అంటే బంకులో పోసేది కాదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం, సుమారుగా తలా ఒక పాలు. ఇందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు, ఒత్తిడికే ఈథర్ అంటుకుంటుంది. మా సార్జెంట్ గారు ఈ ఇంధనాన్ని ఎప్పుడూ గదిలో కలపనిచ్చేవారు కాదు. ఎంత ఎండైనా సరే, చెట్టు కిందకి పొమ్మనేవారు. ఆయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం.

ఒక పోటీకి ముందు రోజు రాత్రి నేనూ, మా రూమ్మేటూ కలిసి హాస్టల్ గదిలోనే కలిపాం. ఒక మూల నేల మీద సీసాలు పెట్టుకుని నేను పోస్తున్నాను. ఎదురు మూల మంచం పక్కన కాయిల్ హీటరు మీద వాడు టీ పెట్టాడు. మధ్య దూరం పదడుగులకి తక్కువుండదు. మంట మా దగ్గర లేదు కదా అన్న ధీమా. ఒక్కసారి నేల మీద హీటరు దగ్గర్నుంచి నీలంగా ఏదో పాక్కుంటూ వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పాలంటే, నీళ్ళు పల్లానికి పారినట్టు పారింది, సీసా మూతి దాకా. నా కనుబొమ్మలు, వాడి దుప్పటి, ఒక పరుపు పోయాయి. ఆముదం, కిరసనాయిలు అప్పటికింకా కలపలేదు కాబట్టి అంతటితో ఆగింది. వాడి ఎడమ చేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈథర్ ఆవిరి గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. నేలనంటి పాకుతుంది. అంటుకోవడానికి మంట కూడా అక్కర్లేదు, 160-180 డిగ్రీల వేడి వస్తువు తగిలితే చాలు. ఈ సంగతి మత్తు డాక్టర్లకి బాగా తెలుసు. ఈథరిచ్చి ఆపరేషన్లు చేసిన రోజుల్లో అమెరికా ఆసుపత్రుల్లో ఆపరేషన్ గది నేల నుంచి ఐదడుగుల ఎత్తు దాకా ప్రమాద ప్రాంతం కిందే లెక్క. మామూలు ప్లగ్గులు, స్విచ్చులు ఆ పైనే ఉండాలి. నేల, డాక్టర్ల చెప్పులు కూడా స్టాటిక్ కరెంటు పోగవకుండా కరెంటు పారే రకానివి వాడేవారు. మా సార్జెంట్ గారికి ఈ కథంతా తెలుసో లేదో గానీ, చెట్టు కింద స్విచ్చులుండవన్న సంగతి తెలుసు.

ఇప్పుడు "పన్నెండు వోల్టులే" సంగతి.

1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 92 మంది పెద్దలు, పిల్లలు చనిపోయారు. గని వాయువుకి పనివాళ్ళ దీపం అంటుకోవడమే ఇలాంటి ప్రమాదాలకి మూలం. దానికి విరుగుడుగా 1815లో హంఫ్రీ డేవీ తీగ వలతో చుట్టిన దీపం చేశాడు. కొన్ని దశాబ్దాల తర్వాత గనుల్లోకి కరెంటు వచ్చింది, దానితోపాటు గంటలు. లోపలి నుంచి పైకి సంకేతం పంపడానికి రెండు తీగలు ఒకదానికొకటి తాకిస్తే గంట మోగేది, బ్యాటరీల మీద నడిచే చిన్న ఏర్పాటు. తక్కువ వోల్టేజీ కదా, దాన్నెవరూ అనుమానించలేదు. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడుకి 439 మంది గని కార్మికులు బలైపోయారు. కారణం ఖాయంగా తేలలేదు గానీ, అనుమానాల్లో ఈ గంట తీగల మధ్య వచ్చే నిప్పురవ్వ ఒకటి. ఆ గంటల మీద వీలర్, థార్న్‌టన్ వంటివాళ్ళు చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, చూడాల్సింది వోల్టులని కాదు, రవ్వలో విడుదలయ్యే శక్తిని. గంటలో ఉండే కాయిల్ ఆ శక్తిని దాచుకుని, తీగ విడిపోగానే ఒక్కసారిగా వదులుతుంది. ఈనాడు రిఫైనరీల్లో వాడే "ఇంట్రిన్సిక్ సేఫ్టీ" పుట్టింది ఆ గంటల్లోంచే.

ఎంత శక్తి కావాలంటారా? మిథనాల్ ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్లో ఏడో వంతు చాలు. చలికాలం కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అందులో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇక కరెంటు పోయినప్పుడల్లా మా బావమరిది ఇన్వర్టర్లో "టక్"మనే రిలే సంగతి చెప్పక్కర్లేదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అది మిథనాల్ కంటే ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. హైడ్రోజన్ పైకి వెళుతుంది, మిథనాల్ ఆవిరి కిందకి దిగుతుంది. ఆ అర దగ్గర రెండూ కలుసుకోవడానికి బ్రహ్మాండమైన ఏర్పాటు!

అసలు ఈ ఆల్కహాలు బొమ్మల్లోకి ఎలా వచ్చింది?

1930ల మొదట్లో ఫిలడెల్ఫియాలో బిల్ బ్రౌన్ అనే కుర్రాడు చిన్న పెట్రోలు ఇంజిను తయారుచేశాడు. 1933 అమెరికా జాతీయ పోటీల్లో మాక్స్‌వెల్ బాసెట్ ఆ ఇంజినుతో ఎగరేసిన మోడల్ రబ్బరు బ్యాండ్ల మోడళ్ళని చిత్తు చేసింది. ఆ దెబ్బకి ఇంజిను మోడళ్ళకి వేరే తరగతి పెట్టాల్సివచ్చింది. ఇంధనం మూడు పాళ్ళు పెట్రోలు, ఒక పాలు చిక్కటి ఆయిలు. దాన్ని మండించడానికి స్పార్క్ ప్లగ్గు, కాయిలు, కండెన్సరు, బ్యాటరీలు అన్నీ విమానంలోనే మోసుకెళ్ళాలి. చాలాసార్లు ఇంజిను కంటే ఈ సరంజామా బరువే ఎక్కువ. పెట్రోలు ట్యాంకుకీ, రవ్వలు రాల్చే బ్రేకర్ పాయింట్లకీ మధ్య దూరం కొన్ని అంగుళాలు. ఇంధనం, రవ్వ ఒకే గూట్లో కాపురం అన్నమాట.

ఈ కాపురాన్ని విడగొట్టినవాడు రే ఆర్డెన్, 1947లో. ఆయన అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్గులో ఉన్నదల్లా చిన్న ప్లాటినం తీగ చుట్ట. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ఎర్రగా కాలుస్తాం. ఇంజిను స్టార్టయ్యాక బ్యాటరీ పీకేయొచ్చు. ప్లాటినం తగిలితే మిథనాల్ ఆవిరి దానంతటదే ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి తీగ ఎర్రగానే ఉండిపోతుంది. ఇక విమానంలో కాయిల్ లేదు, కండెన్సర్ లేదు, బ్యాటరీ లేదు.

తమాషా ఏమిటంటే, ప్లాటినం తీగ మంట లేకుండానే ఇలా ఎర్రగా వెలుగుతుందని 1817లో కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆ డేవీయే! గని వాయువు మంటల మీద పనిచేస్తూ చూశాడు. గనిలో నిప్పు అంటుకోకుండా చూడ్డానికి చేసిన పరిశోధన నూటముప్పై ఏళ్ళ తర్వాత బొమ్మ ఇంజిన్లలో నిప్పంటించడానికి పనికొచ్చింది.

అయితే ప్లాటినం ఈ పని చేయాలంటే పెట్రోలు పనికిరాదు, మిథనాలే కావాలి. మిథనాల్లో చక్కగా కలిసే నూనె ఆముదం. (పెట్రోల్లో ఆముదం సరిగా కలవదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ విమాన ఇంజిన్లలో ఆముదం వాడింది అందుకే, పెట్రోలు దాన్ని కరిగించి పలచన చేయలేదు కాబట్టి.) మన పాలమూరు, నల్గొండ చెలకల్లో పండే ఆముదాలే అమెరికా పిల్లల బొమ్మ విమానాలకి వెళ్ళాయని చెప్పే సాహసం చేయను గానీ, ఆ వాసన మాత్రం ఒకటే. నేను డల్లాస్ దగ్గర ఒక మైదానంలో మొదటిసారి ఆ పొగ పీల్చినప్పుడు చిన్నప్పుడు మా నాయనమ్మ తలకి రాసిన ఆముదం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పొగ కూడా కొంత కారణం అనుకోండి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. విమానంలో రవ్వ పోయింది, ప్రమాదం పోలేదు. అది అలమారాలోకి మారింది.

పెట్రోలు డబ్బాలో పైన ఖాళీ జాగాలో ఏముంటుంది? ఆవిరి. మామూలు వేడిలో అది ఎంత దట్టంగా ఉంటుందంటే, మండటానికి తగినంత గాలి లోపల ఉండదు. ప్రమాదమంతా డబ్బా బయట. మిథనాల్ అలా కాదు. గాలిలో 6 నుంచి 36 శాతం దాకా ఉంటే అది మండుతుంది. 20 డిగ్రీల దగ్గర మూసిన డబ్బా ఖాళీలో ఆవిరి సుమారు 13 శాతం. అంటే సరిగ్గా మధ్యలో. సుమారు 11 డిగ్రీల నుంచి దాదాపు 40 డిగ్రీల దాకా, అంటే హైదరాబాదులో ఏడాదంతా దాదాపు ప్రతి రోజూ, సగం ఖాళీ అయిన మిథనాల్ డబ్బా లోపలున్నది మండటానికి సిద్ధంగా ఉన్న మిశ్రమం. నిండు డబ్బా కంటే సగం డబ్బాకే భయపడాలి. మా బావమరిది అర మీదున్నది సగం డబ్బాయే.

అయినా మిథనాలుకి మంచి పేరెలా వచ్చిందంటే, కార్ల రేసుల వల్ల. 1964 ఇండియానాపొలిస్ 500 రేసులో పెట్రోలు మంటల్లో ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ చనిపోయారు. ఆ తర్వాత అక్కడ అందరూ మిథనాలుకి మారారు. అది చల్లగా మండుతుంది, నీళ్ళతో ఆరుతుంది. రెండూ నిజమే. కానీ పగటి వెలుగులో దాని మంట దాదాపు కనపడదు. 1981లో అదే రేసులో రిక్ మియర్స్ కారుకి ఇంధనం పడుతుండగా చిమ్మి అంటుకుంది. ఆ వీడియో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మనుషులు చేతులు విదిలించుకుంటూ, ఎగురుతూ, కింద పడి దొర్లుతూ ఉంటారు, మంట మాత్రం ఎక్కడా కనపడదు. మియర్స్ ముఖం కాలింది. ఇండీ రేసులు మిథనాల్ వదిలేసి పూర్తిగా ఇథనాలుకి మారింది 2007లో.

నైట్రోమీథేన్ కథ ఇంకో రకం. శక్తి పెరుగుతుందని హాబీవాళ్ళు మిథనాల్లో పదో, ఇరవయ్యో శాతం ఇది కలుపుతారు. నైట్రో బగ్గీకి ఆ పేరు దీనివల్లే. 1950లలో దీన్ని మామూలు ద్రావకంలా రైలు ట్యాంకర్లలో నింపి పంపేవారు. 1958 జనవరి 22న న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ రైల్వే యార్డులో ఒక ట్యాంకరు పేలింది. ఏదో ఒక్కసారి జరిగిందిలే అనుకునేలోపు, అదే ఏడాది జూన్ 1న ఇల్లినాయిలోని మౌంట్ పులాస్కీలో ఇంకోటి పేలింది. దగ్గర్లో మంటల్లేవు, కరెంటు లేదు. యార్డులో పెట్టెలు కుదుపుకి గురైనప్పుడు లోపల ఆవిరి బుడగలు ఒక్కసారిగా నొక్కుకుపోయి భగ్గుమని వేడెక్కడమే చాలు. దాంతో ఈ ద్రవాన్ని ట్యాంకర్లలో పంపడం ఆపేశారు, చిన్న డ్రమ్ముల్లోకి మార్చారు. 1991లో లూసియానాలోని స్టెర్లింగ్‌టన్ నైట్రోపారఫిన్ కర్మాగారంలో పేలుడు ఎనిమిది మందిని పొట్టనపెట్టుకుంది. 1995 ఓక్లహోమా సిటీ దాడిలో దుండగులు వాడిన వాటిలో నైట్రోమీథేన్ ఉందని బయటపడ్డాక అమ్మకాల మీద నిఘా కూడా వచ్చింది. మిథనాల్లో కలిపేసిన హాబీ ఇంధనానికి ఈ కుదుపు భయం లేదు, ఉన్నది మంట భయమే. అయినా ఆ గాలన్ డబ్బా మీదున్న ఎర్ర వజ్రాకారపు గుర్తు వెనక ఇంత కథ ఉందని చాలామందికి తెలీదు.

రవాణా అంటే నా అవమానం ఒకటి గుర్తొచ్చింది. అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు నా నైట్రో ట్రక్కుని చెకిన్ పెట్టెలో పెట్టాను. ట్యాంకు కడిగాను, రెండ్రోజులు ఆరబెట్టాను, ఇంకేం భయం అనుకున్నా. విమానాశ్రయంలో పెట్టె తెరిచినావిడ వాసన చూసి ఇంజిను బయట పెట్టించింది. ఖాళీదేనండీ అంటే, వాసన వస్తోందంటే ఆవిరి ఉన్నట్టేగా అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇంజిను చెత్తబుట్టలో పడేసి, చక్రాలున్న ప్లాస్టిక్ డొక్కుతో హైదరాబాదులో దిగాను. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

మైదానానికి తీసుకెళ్ళే ఫ్లైట్ బాక్స్ అని ఒకటుంటుంది. ఒకే చెక్క పెట్టెలో ఇంధనం డబ్బా, దాన్ని తోడే ఎలక్ట్రిక్ పంపు, ఇంజిను తిప్పే స్టార్టరు మోటారు, వీటన్నిటికీ ఒక 12 వోల్టు 7 యాంపియర్ అవర్ బ్యాటరీ. మన కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేదే. అంటే 1947లో విమానంలోంచి బయటికి తోసిన రవ్వని తెచ్చి డబ్బా పక్కనే కూర్చోబెట్టారు. మోటారు బ్రష్షుల దగ్గర రవ్వలు, క్లిప్పు తగిలించినప్పుడు రవ్వ, కారు డిక్కీలో ఎండకి ఉబ్బిన డబ్బా. తెలిసినవాళ్ళు పెట్టెని రెండుగా విడగొట్టి, డబ్బాని వేరే మోసుకెళతారు. బ్యాటరీ క్లిప్పులు తగిలించాకే డబ్బా మూత తీస్తారు.

2000ల మధ్య నుంచీ లిథియం పాలిమర్ బ్యాటరీలు చవకయ్యి నైట్రోని దాదాపు తరిమేశాయి. వాసన లేదు, పొగ లేదు, అందరికీ హాయి. కానీ వీటిలో ఇంధనం, కరెంటు ఒకే వెండి సంచిలో ఉంటాయి. బయటి రవ్వ అక్కర్లేదు, లోపల షార్టయితే అదే నిప్పు. 2006లో లాప్‌టాప్ బ్యాటరీలు కాలిపోయి డెల్ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిపించినప్పుడు మన ఆఫీసుల్లో అందరం లాప్‌టాపులు తిరగేసి నంబర్లు చూసుకున్నాం, గుర్తుందా? 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ కంపెనీ (మన యూపీఎస్ కాదు) సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. మంట మొదలైంది లిథియం బ్యాటరీలున్న సరుకులో. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలని సరుకుగా పంపడం నిషేధించారు. సరుకు విమానాల్లో కూడా 30 శాతానికి మించి చార్జి ఉండకూడదన్నారు. అందుకే విడి బ్యాటరీ మన చేతి సంచిలోనే ఉండాలంటారు, అంటుకుంటే కళ్ళెదురుగా ఆర్పడానికి వీలని. మిథనాలుకి ఆ భాగ్యం కూడా లేదు, ఏ సంచిలోనూ కుదరదు.

సరే, కూకట్‌పల్లికొద్దాం. సాయంత్రం టీ అయ్యాక మేం ముగ్గురం డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరిగాం. వంటింటి పక్క బాల్కనీలో గీజరు, వాషింగ్ మెషీను. పైన మెట్ల గది నీడగా ఉంది గానీ, గోడకి నీళ్ళ మోటారు స్టార్టరు. కార్ల షెడ్డులో మీటర్ల బోర్డు. మన ఇళ్ళలో స్విచ్చుబోర్డు లేని నీడపట్టు దొరకడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. చివరికి వెనక ప్రహరీ పక్కన వేపచెట్టు కింద, పాత ఇనప ట్రంకు పెట్టెలో పెట్టాం. ఉన్నదాన్ని సగం సీసాకి మించకుండా పైదాకా నిండే చిన్న డబ్బాల్లోకి మార్చి, మూతలు బిగించి, తాళం వేశాం. మిథనాల్ గుక్కెడు తాగినా కళ్ళు పోతాయి, ఇంట్లో చిన్న పిల్లలున్నారు కదా. చెట్టు కింద ఆ పెట్టె చూస్తుంటే సార్జెంట్ గారు నవ్వుతున్నట్టనిపించింది.

బయల్దేరుతుంటే పిల్లాడు గుమ్మం దాకా వచ్చాడు. "మావయ్యా, ఇంత గొడవెందుకు, ఈ డబ్బా అయిపోయాక బ్యాటరీ బగ్గీ కొనుక్కుంటా. రాత్రి పడుకునేప్పుడు చార్జింగు పెడితే పొద్దున్నకి రెడీగా ఉంటుంది. ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది మెట్ల కింద ఖాళీ అయిన అర వైపు చెయ్యి చూపించాడు.